చెలకలో యెజ్డి



ఎడమచేయి మెడపట్టీలో ఉన్నది. కుడిచేతి చూపుడువ్రేలితో ఒక్కొక్క అక్షరమే కొడుతున్నాను గనుక అచ్చుతప్పులు మన్నించగలరు. అడిగినవారందరికీ మెట్ల మీద జారానని చెబుతూ వచ్చాను. ముప్పై మూడేండ్లు హరిశ్చంద్రుని కథను పాఠంగా చెప్పినవానికి అది తగదు. మోటారుసైకిలు పందెంలో పడ్డాను. నాకు 66 ఏండ్లు, బండికి 43.

బండి యెజ్డి. 1986లో, నాగర్‌కర్నూలు వైపు ఒక పల్లెలో తెలుగు పండితుడిగా ఉన్నప్పుడు, చేతులు మారి వచ్చిన దానినే కొన్నాను. ఊరికి బస్సు రోజుకు రెండు పర్యాయాలే. తక్కినదంతా ఎడ్లబండ్ల బాట. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోయాలి. దాని చోద్యమేమంటే కిక్కు రాడ్డు, గేరు రాడ్డు వేరువేరు కావు. పైకి తిప్పి తొక్కితే ఇంజను మేల్కొంటుంది, ముందుకు వాలిస్తే అదే గేరు. ఒకే పదం నామవాచకమూ క్రియా అయినట్లు.

పేరు పుట్టుక కూడా చెప్పనివ్వండి, పండితుని జబ్బు. 1929లో ప్రాగ్ నగరంలో జానెచెక్ (చెక్కులు యానెచెక్ అంటారు) అనే ఆయన వాండరర్ అనే జర్మను కంపెనీ బండి నమూనాను కొని తయారీ మొదలుపెట్టాడు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు కలిసి జావా అయినది. మన సంధి సూత్రాలు దేనికీ లొంగదు. 1961లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం వెలసింది. డెబ్బైలలో బండి పేరు యెజ్డిగా మారింది. అది స్థాపకులైన ఇరానీల పూర్వుల ఊరు, ఇరానులోని యాజ్ద్. 1996లో కర్మాగారం మూతపడింది. 2022లో అదే పేరుతో కొత్త బండ్లు వచ్చాయి. మా మనుమడు వాటిని చూపి "తాతా, నీ బండే" అన్నాడు. కాదు నాయనా.

బాట లేని చోట, గుట్టలలో, బురదలో పందెం వేయడాన్ని మోటోక్రాస్ అంటారు. 1924లో ఇంగ్లండులో కాంబర్లీ వద్ద జరిగిన పందెంతో దానికి శ్రీకారమంటారు. జావాకు దాయాది అయిన సీజెడ్ బండి మీదనే 1964లో జోయెల్ రోబేర్ అనే బెల్జియం యువకుడు 250 సీసీలో ప్రపంచవిజేత అయినాడు, మొత్తం ఆరుసార్లు. ఆ సంగతులేవీ ఎరుగకుండానే మేమూ ఎనభైలలో వేసవి ఆదివారాలు బీచుపల్లి వద్ద, కృష్ణ ఇంకిన ఇసుకలో ఏడుగురం పందేలు వేసుకున్నాం. ఓడినవాడు అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. తర్వాత బదిలీలు, పిల్లల చదువులు, నడుము నొప్పులు.

మళ్ళీ మొదలుపెడదామన్నది మాలో పశువైద్యశాల కాంపౌండరుగా పనిచేసి రిటైరైన మిత్రుడు. ముసలివాళ్ళం కుర్రవాళ్ళతో ఎట్లా పోటీపడతామంటే నవ్వాడు. నడిగడ్డ జాతరలలో ఎద్దుల బండలాగుడు చూసినవారికి తెలుసు, అక్కడ ఎద్దులన్నిటినీ ఒక గాటన కట్టరు. నోరు తెరిచి పండ్లు లెక్కిస్తారు. పాలపండ్లవి వేరు, రెండు పండ్లవి వేరు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. ఎవరి ఈడు వారితోనే. పైగా ఎద్దులను పక్కపక్కన పరుగెత్తించరు. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగినదనేదే లెక్క. "ఎద్దుకున్న న్యాయం మనిషికి లేదా పంతులుగారూ?" అన్నాడు. అప్పుడు మాకు తెలియదు గానీ, ఇంగ్లండులో 1965కు ముందటి బండ్లకు ప్రత్యేక పందేలున్నాయి. అమెరికాలో బండి కాలాన్ని బట్టే కాక నలభై దాటినవారికి, యాభై, అరవై దాటినవారికి కూడా వేర్వేరు తరగతులున్నాయి. మా కాంపౌండరు ఇవేవీ చదవలేదు. ఎద్దుల నోళ్ళు చూశాడంతే.

పోయిన శ్రావణంలో ఆయన గుండెపోటుతో వెళ్ళిపోయాడు. దినాలైన తర్వాత ఇల్లు సర్దుతూ ఆయన రాజ్‌దూత్‌ను ఇనుప తూకానికి వేశారు. పిల్లలను తప్పుపట్టను. అది ఏమిటో వారికి చెప్పినవారెవరు? ఆ మాట విన్నాకనే మిగిలినవాళ్ళం ఫోన్లు చేసుకున్నాం.

మూడు వారాల క్రితం ఆదివారం వనపర్తి నుండి పెబ్బేరు, బీచుపల్లి వంతెన దాటి ఎర్రవల్లి అవతల మిత్రుని చెలకకు చేరాను. పల్లికాయ తీసిన నేల, మధ్యలో అడుగున్నర ఎత్తు గట్టు. నాగర్‌కర్నూలు నుండి ఒకాయన బుల్లెట్ మీద వచ్చాడు. గద్వాల ఫోటో స్టూడియో ఆయన యమహా ఆర్ఎక్స్ 100 తెచ్చాడు, అక్కడే పేచీ వచ్చింది. అది 1985 తర్వాతి బండి, మా వాటి ముందు లేడిపిల్ల. చివరికి దానిని "రెండు పండ్ల" తరగతిలో ఒంటరిగా నిలబెట్టి ప్రథమ బహుమతి ఇచ్చాం. ఆయన ఫోటో కూడా దిగాడు.

మాకు నియమం ఎద్దులదే. ఒక్కొక్కరే వెళ్ళాలి, పది నిమిషాలలో ఎన్ని చుట్లు. మా వనపర్తి మెకానిక్ భాయి గడియారం పట్టాడు. డెబ్బై ఏండ్లవాడు, ప్లగ్గు చూసి మిశ్రమం ఎంతో చెప్పగలడు గానీ పాయింట్ల సందు సరిచేయడానికి ఇప్పుడు అద్దం కావాలి. నేర్చుకోవడానికి దుకాణంలో ఎవరూ లేరు.

నా వంతులో ఆరు చుట్లు సజావుగా సాగాయి. గట్టు వద్ద గేరు తగ్గించి, లేచి నిలబడి దాటుతున్నాను. ఏడవ చుట్టులో పల్లెపిల్లలు "సార్! సార్!" అని కేకలు వేశారు. ఉపాధ్యాయునికి ఆ పిలుపు కల్లు వంటిది. గేరు తగ్గించలేదు. గాలిలో ఉన్న ఆ అరక్షణం దైవం గుర్తుకు రాలేదు, గొలుసుపెట్టె సొట్టపోతుందేమోనన్నదే చింత. భాయి పరుగున వచ్చి ముందు పెట్రోలు ట్యాపు మూశాడు, తర్వాత నన్ను లేపాడు. సరైన క్రమమే.

జత్రుక, అంటే కాలరుబోను, చిట్లినది. చెట్టు కింద కూర్చోబెట్టి తువ్వాలతో చేయి కడుతుండగా కాంపౌండరుగారి చిన్నకొడుకు వచ్చాడు. అతడు వచ్చినట్టే నాకు తెలియదు. "మా నాయిన బండి ఏ పండ్లల్ల వస్తుండె సార్?" అని అడిగాడు. సీనియర్ అని చెప్పాను. తల ఊపి చాలాసేపు మా బండ్ల చుట్టూ తిరిగాడు.

ఇంట్లో మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు "ఆరు చుట్లు తిరిగితివా?" అని మాత్రం అడిగింది. అబ్బాయి హైదరాబాదు నుండి ఫోనులో, ఇటువంటి పాత బండ్లను మంచి ధరకు కొని హాల్లో అలంకరించుకునేవారున్నారనీ, ఇచ్చివేయమనీ పోరుతున్నాడు. వాడి భయం నాకు అర్థమవుతుంది. ఎముక అతికినా పట్టు మునుపటిలా ఉండదని డాక్టరు కూడా చెప్పాడు. ఇంకా జవాబివ్వలేదు.

బండి భాయి దుకాణంలో ఉన్నది. గొలుసుపెట్టె సొట్ట తీశాడట. నిన్న కాంపౌండరుగారి చిన్నకొడుకు అక్కడికి వచ్చి, పాయింట్లు ఎట్లా పెడతారో చూపమని అడిగి, సాయంత్రందాకా కూర్చున్నాడని కబురు చేశాడు.