దెయ్యాన్ని కాపలా పెట్టాను

మే నెలలో మార్కాపురంలో ఎగ్జిబిషన్ పెట్టారు. పిల్లలకి సెలవులు, ఇంట్లో పొద్దస్తమానం టీవీ గోల. "ఒక్కరోజు పోదాం అమ్మా" అని మా పాప వారం రోజులు సతాయించింది. సరేనని ఒక శనివారం సాయంత్రం ఆటో మాట్లాడుకుని నేను, మా ఆయన, అత్త, ఇద్దరు పిల్లలు కొనకనమిట్ల నుంచి బయల్దేరాం.

ఎగ్జిబిషన్ అంటే మీకు తెలిసిందే. జెయింట్ వీల్, కొలంబస్, బావిలో మోటార్ సైకిల్, పది రూపాయలకి ఏదైనా అని అరిచే ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. మా అత్తకి ఢిల్లీ అప్పడం కావాలి. పళ్ళు లేకపోయినా ఆ అప్పడం తినకపోతే ఆమెకి ఎగ్జిబిషన్ చూసినట్టు కాదు. అవన్నీ అయ్యాక చివర్లో ఒక నల్లటి గుడారం కనిపించింది. ముందర రెండు నిలువుల పుర్రె బొమ్మ, దాని నోరే గుమ్మం. లోపల్నించి కేకలు, మధ్యమధ్యలో నక్కల ఊళ. స్కేరీ హౌస్ అట. మనిషికి అరవై రూపాయలు.

మా పాపకి పన్నెండేళ్ళు, ఎగిరి గంతేసింది. మావాడికి ఆరు. వాడు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని "నేను రాను" అన్నాడు. టికెట్లిచ్చే అతను "ఏం కాదమ్మా, చిన్నపిల్లలు కూడా నవ్వుకుంటా వస్తారు, తీసుకుపోండి" అన్నాడు. మా ఆయనేమో "మొగపిల్లోడివి, ఏందిరా నీకు భయం" అన్నాడు. ఆ మాటతో వాడు చెయ్యి వదిలేశాడు. అప్పుడే నేను ఆగిపోవాల్సింది. ఆగలేదు. నిజం చెప్పాలంటే నాకూ చూడాలనే ఉంది.

అత్త బయటే కూర్చుంది. "డబ్బులిచ్చి దెయ్యాల్ని చూసేదేంది, మా కాలంలో ఊరికే కనపడేవి" అంది.

లోపల ప్లైవుడ్ గోడలు, నల్లగుడ్డలు. కాలి కింద మెత్తగా స్పాంజి పరిచారు, అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. పైనుంచి సన్నటి దారాలు వేలాడదీశారు, మొహానికి సాలెగూడు తగిలినట్టే ఉంటుంది. ఊదారంగు ట్యూబులైటు వెలుగులో తెల్లగుడ్డలు మాత్రమే మెరుస్తాయి. ఎక్కడ్నించో గాలి బుస్సుమని మెడమీద కొడుతుంది. ఒక శవపేటిక మూత తెరుచుకుంది, ఒక ఉరితాడు ఊగింది. మా పాప అరుస్తూ నవ్వుతోంది. నేనూ రెండుసార్లు గట్టిగానే కేకవేశాను. మావాడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు గానీ నడుస్తూనే ఉన్నాడు. వంట చేసుకుంటూ, బట్టలుతుక్కుంటూ గొంతెత్తి అరిచే అవకాశం మనకి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? నాకు బాగానే అనిపించింది.

ఆఖరి గదిలో థర్మాకోల్‌తో ఒక బావి కట్టారు. పక్కన తెల్లచీర కట్టిన బొమ్మ. దాటి పోతుండగా బావి అంచు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి మావాడి కాలి మడమ పట్టుకుంది.

వాడు అరవలేదు. కర్రలాగా బిగుసుకుపోయాడు. నేను లాగితే అడుగు కదలదు. ఆ చెయ్యి వదిలేసింది, టార్చి వెలిగింది, వెనకనుంచి ఇరవయ్యేళ్ళు కూడా లేని ఒక హిందీ కుర్రాడు మాస్కు పైకెత్తి "అరే బాబూ, అరే బాబూ" అంటూ వచ్చాడు. వేసుకున్న రబ్బరు చేతొడుగు తీసి తన చెయ్యి చూపించాడు. చెమటకి ఆ చెయ్యి పాలిపోయి ముడతలు పడి ఉంది. మావాడు దానివైపు చూడలేదు. నిక్కరు తడిసిపోయింది. ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

మా ఆయన మొదట నవ్వాడు. "ఆడపిల్ల నవ్వుతా వచ్చింది, నువ్వేందిరా" అన్నాడు. వాడి మొహం చూశాక నవ్వు ఆపేశాడు.

మా ఆడబిడ్డ కూతురు అమెరికాలో ఉంటుంది. అక్కడ అక్టోబరు వచ్చిందంటే హాలోవీన్ పేరుతో ఇలాంటి దెయ్యాల కొంపలు చాలాచోట్ల వెలుస్తాయట, పండగ అయ్యాక తీసేస్తారట. లోపలి దెయ్యాలు మనుషుల్ని ముట్టుకోకూడదని చాలాచోట్ల నియమమట. ముట్టుకునేవైతే ముందే సంతకం పెట్టించుకుంటారట. ఫోనులో ఈ సంగతి చెప్తే ఆ పిల్ల ముందు అడిగిన ప్రశ్న, "సంతకం పెట్టావా అత్తా?" అని. మాకు టికెట్టే సగం చింపి ఇచ్చారు.

ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. లైటు ఆర్పనివ్వలేదు. ఒంటిగంటప్పుడు నా చెవి దగ్గరికొచ్చి అడిగాడు. "అమ్మా, అది మన బోరులోనించే అక్కడికొచ్చిందా?"

అప్పుడు నాకు ఒళ్ళు చల్లబడింది.

మా ఇంటి వెనక మా బావగారి చేనులో ఎండిపోయిన బోరు ఒకటి ఉంది. మా పడమటి ప్రకాశంలో బోర్ల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకటి వేస్తారు, నాలుగేళ్ళకి ఎండుతుంది, పక్కన ఇంకొంచెం లోతుగా ఇంకొకటి. ఈ బోరు ఏడువందల అడుగులు. నీళ్ళు రావని తేలాక మోటారు తీశారు, కేసింగు పైపు కూడా పీకి కొత్త బోరుకి వాడుకున్నారు. మిగిలింది తొమ్మిదంగుళాల బొక్క. దానిమీద మార్కాపురం పలకరాయి ఒకటి కప్పారు. ఆ రాయి పిల్లలు తోస్తే జరుగుతుంది, మేకలు తొక్కితే జరుగుతుంది.

వాడికి నాలుగేళ్ళప్పుడు ఒకరోజు ఆ రాయి పక్కన బోర్లా పడుకుని లోపలికి కూతలు వేస్తుంటే చూశాను. గుండె ఆగినంత పనైంది. వీపు మీద రెండు వేసి, "అందులో తెల్లచీర ఆమె ఉంది, చెయ్యి బయటపెట్టి కాలు పట్టుకుని లాగేస్తుంది" అని చెప్పాను. అంతే, ఆ దిక్కుకి మళ్ళీ పోలేదు. ఎంత తేలిగ్గా పనైపోయిందో అని సంతోషించాను కూడా. తర్వాత అన్నం తినకపోయినా ఆమే, మధ్యాహ్నం పడుకోకపోయినా ఆమే. రెండేళ్ళుగా వాడు రాత్రిపూట బాత్రూముకి ఒంటరిగా ఎందుకు పోవట్లేదో నాకు తట్టనే లేదు.

పొద్దున్నే మా అత్త వాడికి దిష్టి తీసి, "జడుసుకున్నాడు" అని దర్గా దగ్గరికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించుకొచ్చింది. నేను కాదనలేదు. ఆమె చెయ్యి పట్టుకుని పోయి వచ్చాక వాడు కాస్త అన్నం తిన్నాడు. జరిగింది అప్పుడు చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "నేను మీ ఆయనకి చింతచెట్టు మీద కామినీ ఉందని చెప్పా. ఆ చెట్టు పక్కనే దిగుడుబావి. భయం పెట్టబట్టే వాడు బతికి నీకు మొగుడయ్యాడు" అంది. మా ఆయన మెల్లిగా, పదో తరగతి దాకా ఆ చెట్టు దారిన పోవాలంటే చుట్టు తిరిగి పోయేవాడినని ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పని మాట.

అత్త మాట తీసిపారేయలేను. చెప్తే వినే వయసు కాదు, చేనుకి కంచె లేదు. భయం పనిచేసింది. కానీ నాకు నిద్రపట్టనివ్వనిది ఇంకొకటి. దెయ్యాన్ని కాపలా పెట్టాక ఆ బోరుకి మూత వెయ్యాలన్న సంగతి నేను మర్చిపోయాను. మా బావగారిని ఒక్కసారైనా గట్టిగా అడగలేదు. ఆ దెయ్యం మావాడికే తెలుసు. మేకల వెంట వచ్చే పిల్లలకి ఎవరు చెప్పారు? సెలవులకి ఊరికొచ్చే పిల్లలకి?

2017 ఆగస్టులో మనకి దగ్గర్లోనే, వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ళ పిల్లవాడు ఇలాంటి బోరులోనే పడ్డాడు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు పక్కన గొయ్యి తవ్వి రాత్రి పొద్దుపోయాక ప్రాణాలతో బయటికి తీశారు. టీవీ ముందు కూర్చుని నేనూ ఏడ్చాను. అందరి పిల్లలకీ ఆ అదృష్టం దొరకలేదు. వదిలేసిన బోరుని అడుగునుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పలకరాయి కప్పమని చెప్పలేదు.

మా ఆయన వెళ్ళి మాట్లాడాడు. బావగారు "పూడ్చాలనే అనుకుంటున్నా" అన్నారు. అనుకోవడం రెండేళ్ళు అయింది కాబట్టి ఈసారి ట్రాక్టరు మేమే మాట్లాడాం. ఒక ట్రక్కు మట్టీ రాళ్ళూ చాల్లేదు, రెండోది కూడా పట్టింది.

పూడ్చేముందు మావాడిని తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్న నడుం పట్టుకుని ఉండగా వాడిచేత చిన్నరాయి వేయించాం. చాలాసేపు ఏ చప్పుడూ లేదు, గోడలకి టక్ టక్ మని తగులుతూ పోయింది. "ఎవ్వరూ లేరురా. లోతు అంతే. పడితే పైకి రాలేం. నువ్వు పడతావేమోనని నాకు భయమేసి అట్లా చెప్పా" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "అయితే అబద్ధం చెప్పినావా?"

"అవును."

"ఇంకా ఏమేం అబద్ధాలు చెప్పినావు?"

ఫోను ఎక్కువ చూస్తే కళ్ళు ఊడిపోతాయన్నది, గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందన్నది, పోలీసుకి నా ఫోనులో నంబరు ఉందన్నది ఒప్పుకున్నాను. వాళ్ళ నాన్న నవ్వుతుంటే "నాన్న చెప్పినవి కూడా చెప్పు" అన్నాడు.

వారం తర్వాత మార్కాపురం పోతే ఎగ్జిబిషన్ ఎత్తేశారు. మైదానంలో గుంజలు పాతిన గుంటలు మాత్రం ఉన్నాయి. మావాడు ఆటో ఆపించి, ఆ బావి ఎక్కడుండేదో అక్కకి చూపించాడు. చెయ్యి వెతుక్కుంటున్నాడో ఏమో, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

రాత్రిపూట ఇప్పుడు బాత్రూముకి ఒక్కడే పోతున్నాడు. లైటు వెయ్యాలి, తలుపు సగమే వేస్తాడు, లోపల గట్టిగా పాటలు పాడతాడు. వాడు వచ్చేదాకా నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేస్తూ ఉంటాను.