ఫారంలో రాయాల్సిన జబ్బు

నాకు అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. ఈ ఒక్క వాక్యం తెలుగులో, నలుగురూ చదివేచోట రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఇంగ్లీషులో మాత్రం బోలెడుసార్లు రాశాను. ఆసుపత్రి కాగితాల్లో, పిల్లల స్కూలుకు పంపిన ఉత్తరంలో, అన్నిటికంటే ఎక్కువగా ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారాల్లో. ఈ ఫారాల గురించే మీతో చెబుదామని కూర్చున్నాను. మనలో చాలామందికి ఇలాంటి జబ్బేదో ఒకటి ఉండే ఉంటుంది, ఇండియా ప్రయాణం ముందు అది సూట్‌కేసు కంటే బరువుగా అనిపిస్తుంది.

ముందు జబ్బు సంగతి. పెద్దపేగు లోపలి పొర వాచి పుళ్ళు పడతాయి. రక్తవిరేచనాలు, మెలిపెట్టే నొప్పి, లేవలేనంత నీరసం, ఉన్నట్టుండి బాత్రూముకి పరుగు. అంటుకునేది కాదు. మన రోగనిరోధక శక్తే మన పేగు మీద తిరగబడటం. దీనికి తోబుట్టువు లాంటిది క్రోన్స్. రెండిటినీ కలిపి ఐబీడీ అంటారు. చాలామంది దీన్ని ఐబీఎస్ అనుకుంటారు. ఒక్క అక్షరమే తేడా అయినా ఇన్సూరెన్స్ వాళ్ళకి అవి రెండు వేరు జబ్బులు, కాబట్టి డాక్టరు ఉత్తరంలో ఉన్న పేరే చూసి రాయాలి.

క్రోన్స్ అండ్ కొలైటిస్ యూకే అనే చారిటీ లెక్క ప్రకారం ఈ దేశంలో 123 మందిలో ఒకరికి ఐబీడీ ఉంది. లెస్టర్‌లో 1990ల్లో జరిగిన పరిశోధనల్లో అక్కడ స్థిరపడ్డ భారతీయుల్లో కొలైటిస్ స్థానికుల కంటే ఎక్కువగా కనిపించింది. అంటే మన తెలుగు అసోసియేషన్ ఉగాది భోజనాల పంక్తిలో కూర్చున్నవాళ్ళలో నేనొక్కదాన్నే అయి ఉండను. కానీ ఎవరూ చెప్పరు. నేనూ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం మా అమ్మ. నాకు జబ్బు బయటపడ్డప్పుడు మా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. "పేగు జబ్బంటే వంశంలో ఉందంటారే. నీకేం, పెళ్ళయి పిల్లలు పుట్టారు. దానికి కుదిరి ఆ మూడు ముళ్ళూ పడేదాకా గుట్టుగా ఉండు తల్లీ" అంది. రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం మామూలు కంటే కొంచెం ఎక్కువన్నది నిజమే. అయినా ఎక్కువ ఇళ్ళలో ఇంకెవరికీ రాదు. మైక్రోబయాలజీ చదివాను కాబట్టి ఆ లెక్క అమ్మకు విడమరిచి చెప్పగలను. లెక్కలతో పెళ్ళిచూపులు జరుగుతాయా? ఊరుకున్నాను.

పోయిన శ్రావణంలో చెల్లి పెళ్ళి కుదిరింది, రాజమండ్రిలో. పిల్లల స్కూలు సెలవులు కూడా అప్పుడే. రెడింగ్ నుంచి నలుగురం, అయిదు వారాలు.

టికెట్లు బుక్ చేసిన రాత్రే ఇన్సూరెన్స్ చూడటం మొదలుపెట్టాను. ఇది బయల్దేరే ముందురోజు చేసే పని కాదండీ. పాలసీ కొన్నప్పటి నుంచే ప్రయాణం రద్దు తాలూకు కవర్ మొదలవుతుంది. నెల ముందు జబ్బు తిరగబెట్టి ప్రయాణం మానుకోవాల్సి వస్తే టికెట్ల డబ్బు రావాలంటే అప్పటికే పాలసీ ఉండాలి, అందులో జబ్బు పేరూ ఉండాలి. కొన్నాక ఆరోగ్యంలో మార్పు వచ్చినా, డాక్టరు మందు మార్చినా వాళ్ళకి ఫోన్ చేసి చెప్పమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు మరీ చిన్నవి, కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

ఆ వారంలోనే మా మరిది ఫోన్ చేశాడు. మావారి బాబాయిగారి అబ్బాయి, నన్ను మొదటిసారి ఆసుపత్రికి కారులో తీసుకెళ్ళిందీ తనే. "వదినా, అది రాయకండి. జబ్బులున్నాయా అంటే లేవని టిక్ పెట్టేయండి. మూడోవంతు రేటుకి వస్తుంది. ఎవరు చూడొచ్చారు?" మంచికోరే చెప్పాడు. మావారు కూడా నా వైపు చూశారు. అయిదు వారాలకు నలుగురి ప్రీమియం అంటే తక్కువేం కాదు, ఆ సంవత్సరం ఇంటి వాయిదా కూడా పెరిగింది.

నేను ఒప్పుకోలేదు. ఈ దేశంలో 2012లో దీనిమీద ఒక చట్టం వచ్చింది. అడగనిది మనంతట మనం చెప్పనక్కర్లేదు, అడిగినదానికి మాత్రం జాగ్రత్తగా, నిజం చెప్పాలి. కావాలని అబద్ధం చెబితే పాలసీ మొత్తం చెల్లదనే హక్కు కంపెనీకి ఉంది. పరాకున పొరపాటు రాస్తే కట్టాల్సిన ప్రీమియంలో ఎంత తక్కువ కట్టామో ఆ నిష్పత్తిలో క్లెయిమ్ తగ్గించవచ్చు. ఎవరు చూస్తారంటే, క్లెయిమ్ వేసిన రోజున వాళ్ళే మన జీపీ దగ్గర నుంచి రికార్డులు తెప్పించుకుని చూస్తారు. మన సంతకంతోనే.

ఇక ప్రశ్నలు. గత 12 నెలల్లో ఎన్నిసార్లు తిరగబెట్టింది? ఆసుపత్రిలో చేరారా? ఆపరేషన్ అయ్యిందా? స్టెరాయిడ్లు వాడారా? ఏయే మందులు? ఏ పరీక్ష ఫలితం కోసమైనా ఎదురు చూస్తున్నారా? ఈ చివరిదాని దగ్గర జాగ్రత్త. కొలనోస్కోపీ తేదీ ముందుండి, ఫలితం రాకుండా కొనబోతే చాలామంది కవర్ ఇవ్వరు. నా అపాయింట్‌మెంట్ ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో తేదీల వారీగా పెట్టుకుంటాను. ఫోన్లో అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

మొదటి కంపెనీ ఆన్‌లైన్లోనే కుదరదంది. రెండోది కొలైటిస్ తప్ప మిగతావన్నీ కవర్ చేస్తానంది. నాకు కావాల్సిందే కొలైటిస్‌కి! విరేచనాలై నీరు తగ్గి పడిపోయినా అది కొలైటిస్ వల్లేనంటే ఆ పాలసీ దేనికి పనికొస్తుంది? మూడోది మనీహెల్పర్ అనే ప్రభుత్వ సంస్థ జాబితాలో దొరికింది. పాత జబ్బులున్నవాళ్ళకి పాలసీలిచ్చే కంపెనీల జాబితా అది, ఫోన్లో కూడా చెబుతారు. రేటు మామూలుదానికి మూడింతలు పడింది. కట్టాం. ఆ ఏడు దీపావళికి నాకు చీర వద్దని మావారితో అన్నాను, ఆయన నవ్వలేదు.

బ్యాంకు ఖాతాతో ఉచితంగా వచ్చే ఇన్సూరెన్స్ ఉంది కదా అనేవాళ్ళకి ఒక మాట. అందులోనూ పాత జబ్బులు విడిగా చెప్పాల్సిందే. పైగా ఏడాది పాలసీల్లో చాలావాటికి ఒక్కో ప్రయాణం 31 రోజులే. మనం ఇండియా వెళితే 31 రోజుల్లో ఎప్పుడొచ్చాం? ఇక జీహిక్ కార్డు ముఖ్యంగా యూరప్ దేశాలకు. ఇండియాతో బ్రిటన్‌కు అలాంటి వైద్య ఒప్పందం లేదు. "పుట్టిన ఊరికి వెళ్తూ ఇన్సూరెన్సేంటి?" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. పుట్టిన ఊరైనా కార్పొరేట్ ఆసుపత్రి కౌంటర్లో అడ్వాన్స్ కట్టందే చేర్చుకోరు కదా అత్తయ్యా అన్నాను.

మందుల దగ్గరే నాకు ఎక్కువ ఆలోచన పట్టింది. రోజూ మెసలజీన్ మాత్రలు, రెండు వారాలకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్. ఇంజెక్షన్ పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. తప్పనిసరైతే 25 డిగ్రీలు మించని చోట కొన్నాళ్ళు ఉంచొచ్చు, ఎన్నాళ్ళన్నది బ్రాండును బట్టి మారుతుంది, కాబట్టి మీ ఐబీడీ నర్సునే అడగండి. పెట్టె మీద రాసే గది ఉష్ణోగ్రత ఇంగ్లండు గదిది. రాజమండ్రిలో ఆగస్టులో కూడా గది 33 డిగ్రీలుంటుంది. అలాగని ఐసుకి ఆనించి పెడితే గడ్డకట్టి ప్రొటీన్ పాడవుతుంది, తర్వాత కరిగించినా పనికిరాదు. అందుకే ఐస్‌ప్యాక్‌కి, పెన్నుకి మధ్య తువ్వాలు చుట్టి, చల్లసంచిలో, చేతి బ్యాగులో. చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ వేయకండి. సామాను తప్పిపోతే మందూ పోతుంది, కింద చలికి గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. సూది ఎందుకుందో చెప్పే డాక్టరు ఉత్తరం పాస్‌పోర్టుతో పాటు పెట్టుకున్నాను. ఉత్తరంలో బ్రాండు పేర్లతో పాటు అసలు మందు పేర్లు రాయించండి. మెసలజీన్‌ని మన దగ్గర మెసలమైన్ అంటారు, అది తెలియకపోతే మందుల షాపులో లేదనేస్తారు.

టీకాల్లోనూ ఒక మెలిక ఉంది. బ్రిటన్‌లో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువ భాగం ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వెళ్ళొచ్చినవాళ్ళవే. మనూరే కదా అని మనం టీకా వేయించుకోం. ఎన్‌హెచ్‌ఎస్‌లో అది ఉచితం. కానీ ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్ళు ఇంజెక్షన్ రూపంలోదే తీసుకోవాలి. నోటితో మింగే టైఫాయిడ్ మాత్రల్లో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది, అది మనకు పడదు.

హీత్రూ నుంచి హైదరాబాదుకు నేరుగా విమానం. నడవ పక్క సీటు, బాత్రూముకి దగ్గరగా, ముందే తీసుకున్నాం. ఈ జబ్బున్నవాళ్ళకి కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కాస్త ఎక్కువ కాబట్టి గంటకోసారి లేచి నడిచాను. మెడలో పొద్దుతిరుగుడు పువ్వు ట్యాగు వేసుకున్నాను. పైకి కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్ళ కోసం 2016లో గాట్విక్‌లో మొదలైంది అది. సెక్యూరిటీ దగ్గర అమ్మాయి అది చూసి ఏమీ అడగకుండా పక్క వరుసలోకి పంపింది. కూకట్‌పల్లిలో ఆడపడుచు ఇంట్లో పగలంతా ఆగి, రాత్రికి లింగంపల్లిలో గౌతమి ఎక్కాం. ఏసీ స్లీపర్ బస్సు హాయి కదా అన్నారందరూ. బస్సులో బాత్రూము ఉండదు, రైల్లో పెట్టెకి నాలుగుంటాయి. నా లెక్క అంతే.

పెళ్ళి ముహూర్తం రాత్రి రెండింటికి. కల్యాణమండపంలో వందలమంది, గదులకు తాళాలు. పెళ్ళికూతురి అక్కని, పీటల దగ్గర నుంచి కదలకూడదు. ఆ సాయంత్రం గదుల పెత్తనం చూస్తున్న మా పిన్నిని పక్కకి పిలిచాను. "పిన్నీ, నాకు పేగుల జబ్బుంది. మందు వాడుతున్నాను. స్టేజీ పక్క గది తాళం నా దగ్గర ఉండాలి. అమ్మకి చెప్పకు నేను చెప్పానని."

పిన్ని నన్నోసారి ఎగాదిగా చూసింది. "ఇంతేనా? మీ బాబాయికి మొలలని పదిహేనేళ్ళు దాచాం. గది నాదే, తీస్కో" అని బొడ్లోంచి తాళం తీసి ఇచ్చింది.

పెళ్ళి బాగా జరిగింది. నేను పనసపొట్టు కూర, ఆవపెట్టిన పులిహోర వదిలేసి ముద్దపప్పు, పెరుగన్నం తిన్నాను. వియ్యాలవారు మర్యాద తక్కువైందనుకుంటారేమోనని అమ్మ కొసరి కొసరి వడ్డించబోయింది, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

నాలుగో రోజు జ్వరం, విరేచనాలు. జబ్బు తిరగబెట్టిందో, ఏదైనా సూక్ష్మజీవి పట్టిందో లక్షణాలు చూసి ఎవరూ చెప్పలేరు, పరీక్ష చేయాలి. ఇంట్లో అందరూ తలా ఒక వైద్యం చెప్పారు. మెంతులు, వాముకషాయం, పక్కింటివాళ్ళ యాంటీబయాటిక్, ఒళ్ళునొప్పులకి ఐబూప్రొఫెన్. ఐబూప్రొఫెన్ మాకు విషంతో సమానం, పేగు పుళ్ళని రేపుతుంది. పారాసిటమాల్ వేసుకుని, ఓఆర్‌ఎస్ తాగుతూ ఇన్సూరెన్స్ వాళ్ళ ఇరవై నాలుగ్గంటల నంబరుకి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో చేరకముందే చేయాలి ఆ ఫోన్. పాలసీ నంబరు, జబ్బు పేరు చెప్పాను. తెరమీద అన్నీ ఉన్నట్టున్నాయి, రెండో ప్రశ్న అడగలేదు.

ఓఆర్‌ఎస్ అంటే గుర్తొచ్చింది. లీటరు నీటిలో మొత్తం 20.5 గ్రాములు కలిసే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పొడి ప్యాకెట్టే కొనండి. ఆ పేరుతో తియ్యటి డబ్బా పానీయాలు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. మేం తిరిగొచ్చాక, 2025 అక్టోబరులో, ఆ ఫార్ములా లేనివాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. వార్త చదివి ఎంత సంతోషించానో.

ఆసుపత్రిలో రెండు రోజులున్నాను. మలపరీక్షలో ఇన్ఫెక్షన్ అని తేలింది, కొలైటిస్ కాదు. మొదటి సాయంత్రానికే వీధి వీధంతా తెలిసిపోయింది. నర్సు ఫైలు చూసి జబ్బు పేరు గట్టిగా చదివినప్పుడు గదిలో అమ్మ, ఇద్దరు అత్తయ్యలు, చెల్లి అత్తగారు ఉన్నారు. అమ్మ ముఖం చూడలేకపోయాను. మర్నాడు పొద్దున్న ఆ వియ్యపురాలిగారు ఫ్లాస్కులో పల్చటి బియ్యం జావ పంపారు. చెల్లి తెచ్చిచ్చింది. ఆవిడ ఏమీ అడగలేదట, ఉప్పు వేయాలా వద్దా అని తప్ప.

బిల్లులు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు, అన్నిటికీ ఫోటోలు తీసి దాచాను. రెడింగ్ వచ్చాక క్లెయిమ్ వేస్తే అనుకున్నట్టే జీపీ రికార్డులు తెప్పించుకున్నారు. ఫారంలో నేను రాసినవి, వాటిలో ఉన్నవి ఒకటే. మొదట మనం భరించాల్సిన ఎక్సెస్ మొత్తం తగ్గించి మిగతాది ఖాతాలో వేశారు. ఒకవేళ కాదంటే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చని చదివి పెట్టుకున్నాను, అంతదూరం రాలేదు. మరిది మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ వేసవికి అమ్మ మా ఇంటికి వస్తోంది. విజిటర్‌గా వచ్చినవాళ్ళు ఇక్కడ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఎన్‌హెచ్‌ఎస్ మామూలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం వసూలు చేస్తుంది. అందుకని మొన్న ఆదివారం ఫోన్ పెట్టుకుని ఆవిడ ఫారం నింపుతున్నాను.

"పాత జబ్బులేమైనా ఉన్నాయా అమ్మా? బీపీ రాస్తున్నా."

"ఆ రాయి. షుగరు కూడా రాయి."

"షుగరా? ఎప్పటినుంచి?"

"మూడేళ్ళయింది. దూరాన ఉన్నావు, కంగారు పడతావని చెప్పలేదు. ఉండు, డబ్బా తెస్తాను, మందు పేరు చదువుతా, రాసుకో."