డొంకదారిలో ఇంగ్లండ్!

లండన్ వెళ్లినవాళ్లు బిగ్‌బెన్ దగ్గర ఫొటో దిగుతారు. థేమ్స్ నదిలో పడవెక్కుతారు. బకింగ్‌హాం ప్యాలెస్ గేటు ముందు నిలబడి సైనికుల కవాతు చూస్తారు. దాంతో ఇంగ్లండ్ చూసేసినట్టే అనుకుంటారు. కానీ ఆ దేశపు అసలు అందం పల్లెల్లో ఉంది. దాన్ని చూడ్డానికి కారూ గైడూ అక్కర్లేదు. ఒక రోజు తీరిక, గట్టి బూట్లు ఉంటే చాలు.

ప్యాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే గంటన్నర పైచిలుకు ప్రయాణం తర్వాత మోర్టన్-ఇన్-మార్ష్ అనే చిన్న ఊరొస్తుంది. కాట్స్‌వోల్డ్స్‌కి అదో వాకిలి. కాట్స్‌వోల్డ్స్ అంటే ఒక ఊరు కాదు, రెండువేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న సున్నపురాతి గుట్టలూ పచ్చిక బయళ్లూ పల్లెలూ. ఈ ప్రాంతాన్ని అందచందాల కోసమే ప్రత్యేకంగా కాపాడాలని 1966లోనే నిర్ణయించారు. చిప్పింగ్ క్యాంప్‌డెన్ నుంచి బాత్ నగరం దాకా ఈ గుట్టల మీదుగా 164 కిలోమీటర్ల కాలిబాట ఉంది. పేరు కాట్స్‌వోల్డ్ వే. అంతా నడవాలంటే వారం పైనే పడుతుంది. ఒక్కరోజే చేతిలో ఉన్నవాళ్లకు మొదటి ముక్క చాలు... చిప్పింగ్ క్యాంప్‌డెన్ నుంచి బ్రాడ్‌వే దాకా పది కిలోమీటర్లు.

గొర్రెలు కట్టిన ఊరు

మోర్టన్ నుంచి బస్సులో వెళ్తే ముందు కనిపించేది క్యాంప్‌డెన్ పెద్దవీధి. రెండువైపులా తేనెరంగు రాతి ఇళ్లు. గోడలే కాదు, చాలా ఇళ్ల పైకప్పులూ రాతి పలకలే. 'చిప్పింగ్' అంటే పాత ఇంగ్లిషులో సంత. మనకు సంతబొమ్మాళి, సంతమాగులూరు ఉన్నట్టే వాళ్లకు 'సంత క్యాంప్‌డెన్' అన్నమాట! వీధి మధ్యలో తోరణాలతో నిలబడ్డ మండపంలాంటి కట్టడం ఆ సంతకోసమే. వెన్న, చీజ్, కోళ్లు అమ్ముకునేవాళ్లు వానకు తడవకుండా 1627లో కట్టించారు. గతుకుల రాతినేల ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి ఎలా వచ్చిందన్న సందేహం రాక మానదు. జవాబు గొర్రెలు! మధ్యయుగంలో కాట్స్‌వోల్డ్ ఉన్నికి యూరప్ అంతటా గిరాకీ. ఆ వ్యాపారంలో గడించినవాళ్లే చర్చిలకు డబ్బు గుమ్మరించారు. 1401లో చనిపోయిన విలియం గ్రెవెల్ అనే వర్తకుడి సమాధి ఫలకం ఈ చర్చిలోనే ఉంది. ఇంగ్లండ్ ఉన్ని వర్తకులందరిలోకీ ఆయన పువ్వులాంటివాడని దానిమీద చెక్కారు. ఉన్ని ఆ దేశానికి ఎంత ముఖ్యమంటే... బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభలో స్పీకర్ కూర్చునే ఆసనం ఇప్పటికీ ఉన్ని కూరిన దిండే.

కాళ్లమీద తన్నుకునే ఆట!

ఊరు దాటి మైలు దూరం ఎక్కితే డోవర్స్ హిల్. అక్కడి గడ్డి మీద కూర్చుంటే కింద మైదానమంతా పటంలా పరుచుకుని ఉంటుంది. రాబర్ట్ డోవర్ అనే న్యాయవాది 1612 ప్రాంతంలో ఈ కొండమీద ఆటలపోటీలు మొదలుపెట్టాడు. వాటిని ఒలింపిక్స్ అనే పిలిచేవారు. ఆధునిక ఒలింపిక్స్ మొదలైన 1896కి రెండున్నర శతాబ్దాలకు పైగా ముందు మాట ఇది! మధ్యలో చాలాకాలం ఆగిపోయినా ఆ సంబరం మళ్లీ మొదలై ఇప్పటికీ సాగుతోంది. అందులో పేరుమోసిన పోటీ, ప్రత్యర్థి మోకాలి కింద తన్ని పడగొట్టడం. దెబ్బ తగలకుండా ప్యాంటులో ఎండుగడ్డి కూరుకుంటారు.

అక్కడి నుంచి దారి పొలాల్లో పడుతుంది. ఓక్‌కాయ బొమ్మ చూసుకుంటూ పోతే చాలు, తప్పిపోయే భయం లేదు. కంచె అడ్డొస్తే ఎక్కి దిగడానికి చెక్కమెట్లు ఉంటాయి. గొర్రెలు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడతాయి. మరో రెండు గంటల నడకలో బ్రాడ్‌వే టవర్ వస్తుంది. 1798లో ఓ దొరసాని ముచ్చటపడి కట్టించిన బురుజు అది. ఎత్తు ఇరవై మీటర్లే. కానీ సముద్రమట్టానికి 312 మీటర్ల ఎత్తున ఉన్న గుట్టమీద నిలబడటంతో, ఆకాశం తేటగా ఉన్నరోజు పదికి పైగా కౌంటీలు కనిపిస్తాయంటారు. రచయిత, కళాకారుడు విలియం మోరిస్ ఇక్కడ సెలవులు గడిపాడు. పాత కట్టడాల రక్షణకోసం ఆయన 1877లో ఒక సంఘమే పెట్టాడు.

ఎవరి పొలం... ఎవరి దారి?

ఇంతసేపూ నడిచింది ప్రభుత్వ భూమిలో కాదు, చాలావరకు రైతుల సొంత పొలాల్లో! అయినా ఎవరూ 'ఎవరు నువ్వు?' అని అడగరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలా జనం నడిచే హక్కున్న దారులు సుమారు రెండుంపావు లక్షల కిలోమీటర్లు. వాటిని మూసే హక్కు భూయజమానికి లేదు. పొలం నడుమ దారిని దుక్కి దున్నినా మామూలుగా రెండు వారాల్లోగా మళ్లీ నడిచేలా చెయ్యాల్సిందే. ఇరవైయేళ్లు జనం అడ్డూఆపూ లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా నడిచిన బాటకు సాధారణంగా చట్టం దారి హోదా ఇస్తుంది.

ఇదంతా ఊరికే రాలేదు. కాట్స్‌వోల్డ్స్‌కు ఉత్తరాన కిండర్ స్కౌట్ అనే కొండప్రాంతాన్ని ఒకప్పుడు వేటకోసం జనానికి మూసేశారు. 1932 ఏప్రిల్ 24న వందలమంది నిషేధాన్ని ధిక్కరించి అక్కడికి నడిచారు. ఎక్కువమంది మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లే. అయిదుగురు జైలుకెళ్లారు. దారుల పటాలు తయారుచెయ్యాలని చట్టం వచ్చింది 1949లో. అప్పుడు పటానికెక్కని పాతదారుల కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు. నడిచేవాళ్ల సంఘం ర్యాంబ్లర్స్ 2020లో వాలంటీర్లతో పాత మ్యాపులు వెతికిస్తే, అలాంటివి 49వేల మైళ్లకు పైగా ఉండొచ్చని తేలింది. వాటిని నమోదు చేసుకోవడానికి మొదట పెట్టిన గడువు 2026. తర్వాత దాన్ని 2031కి పొడిగించారు. అసలు గడువే ఎత్తేస్తామని 2024 డిసెంబరులో ప్రభుత్వం ప్రకటించింది.

తెలుగు పల్లెల్లోనూ డొంకలున్నాయి. బండ్లూ పశువులూ తిరిగిన ఆ దారులు చాలాచోట్ల అటు గట్టూ ఇటు గట్టూ జరిగి సన్నబడ్డాయి. కొన్ని పూర్తిగా పొలాల్లో కలిసిపోయాయి. రికార్డులో ఉన్న దారైనా నడిచేవాళ్లు లేకపోతే నిలవదు.

టవర్ నుంచి దిగితే బ్రాడ్‌వే. పేరుకు తగ్గట్టే విశాలమైన వీధి. అలసిన కాళ్లకు టీ దుకాణాలు స్వాగతం పలుకుతాయి. వేడివేడి స్కోన్, దానిమీద మీగడలాంటి క్రీమ్, స్ట్రాబెర్రీ జామ్... పది కిలోమీటర్ల నడక మర్చిపోవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లకు రెండు జాగ్రత్తలు. తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసి ఉన్నది మూసే వెళ్లాలి. రెండోది, తిరుగు బస్సు ఎన్నింటికో పొద్దున్నే కనుక్కోవాలి. పల్లె బస్సులు ఎక్కడైనా పల్లె బస్సులే, ఆదివారమైతే మరీనూ!