కలకత్తాకా? కలకత్తాలోనా?

మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం. నాన్నగారి బదిలీల వల్ల నాగపూర్, విశాఖపట్నం చూసి, మూడేళ్ళ కిందట కలకత్తాలోని సాల్ట్ లేక్‌కి వచ్చాం. మా పక్క వీధిలో ఒక దిదా ఉన్నారు. బెంగాలీలో దిదా అంటే అమ్మమ్మ. ఆవిడ ఒకప్పుడు ఫ్రెంచి టీచరు. ప్రతి ఆదివారం మాకూ, మా బెంగాలీ స్నేహితురాలికీ ఫ్రెంచి నేర్పుతారు.

అంకెలు, క్రియలు బాగానే వచ్చాయి. చిక్కంతా చిన్న మాటలతోనే. తెలుగులో ‘కి’, ‘లో’, ‘నుంచి’ పేరు వెనకాల అతుక్కుంటాయి. ఫ్రెంచిలో అవి పేరుకి ముందే వస్తాయి. ఊరైతే ‘ఆ’. ఇండియా, ఫ్రాన్స్ లాంటి స్త్రీలింగ దేశమైతే ‘ఆఁ’. జపాన్ లాంటి పుంలింగ దేశమైతే ‘ఓ’. ‘ఆ’కీ ‘ఆఁ’కీ తేడా ముక్కులో ఉంది. మా నోట్లో రెండూ ఒకటే అయిపోయేవి!

అసలు తికమక ఇంకోటి. ‘కలకత్తాకి వెళ్తున్నాను’ అన్నా, ‘కలకత్తాలో ఉంటున్నాను’ అన్నా ఫ్రెంచిలో ‘ఆ కలకత్తా’యే. మేము ‘లో’ కోసం వెతికి ‘దాఁ’ అని రాసేవాళ్ళం. అది పెట్టె లోపల, గది లోపల అనడానికి వాడే మాట. ప్రతిసారీ ఎర్ర గీతే. మా స్నేహితురాలు మాత్రం ఒక్కసారీ తప్పలేదు. బెంగాలీలోనూ అంతేనట. ‘కోల్‌కాతాయ్ జాచ్ఛి’ అంటే వెళ్తున్నాను, ‘కోల్‌కాతాయ్ థాకి’ అంటే ఉంటున్నాను. రెంటికీ మాట ఒకటే. మాకు కాస్త అసూయ వేసింది.

వాహనాల పాఠంలో మా వంతు వచ్చింది. బస్సుకీ రైలుకీ ‘ఆఁ’, సైకిలుకి ‘ఆ’. మేము వెంటనే పట్టేశాం. మనం ‘బస్సులో’, ‘సైకిల్ మీద’ అనమూ? అదే లెక్క.

డిసెంబరులో దిదా మమ్మల్ని చందన్‌నగర్ తీసుకెళ్ళారు. హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ఊరు ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళది. “మా కాకినాడ అమ్మమ్మ వాళ్ళింటి దగ్గర యానాం కూడా 1954 దాకా అంతే” అని చెప్పాం. “అయితే ‘అమ్మమ్మ వాళ్ళింటికి’ అని ఫ్రెంచిలో చెప్పండి” అన్నారు. దానికి ‘షే’ అనే మాట ఉంది. మనిషి పేరు ముందు ‘షే’ పెడితే చాలు, వాళ్ళింటికి అనీ, వాళ్ళింట్లో అనీ అర్థం.

ఫిబ్రవరిలో ‘మీరు ఎక్కడి నుంచి వచ్చారు?’ అనే ప్రశ్నకి జవాబు రాయమన్నారు. అక్క ‘ద విశాఖపట్నం’ అని రాసింది. చెల్లి ‘ద కలకత్తా’ అని రాసింది. ఇంటి దాకా పోట్లాడుకుంటూనే వచ్చాం. అమ్మని అడిగితే నవ్వి ఊరుకుంది. దిదా మాత్రం రెంటికీ టిక్కు పెట్టి, “నేను చూసేది ‘ద’ సరిగ్గా ఉందా లేదా అనే” అన్నారు.

మర్నాడే నాన్నగారికి గువాహాటి బదిలీ ఆర్డరు వచ్చింది. ‘ఆ గువాహాటి’ అని ఈసారి ఇద్దరం తప్పు లేకుండా రాశాం. ఇప్పుడది ‘గువాహాటికి’. ఏప్రిల్ నుంచి ‘గువాహాటిలో’. మాట మారక్కర్లేదు.

చివరి ఆదివారం దిదా మా పుస్తకాల్లో తన చేత్తో ‘షే మువా’ అని రాసి, కింద అడ్రసు రాశారు. ‘షే మువా’ అంటే మా ఇంటికి. సెలవుల్లో వస్తామని మాటిచ్చాం.