బాపు పలక

మా ఊరి శివాలయం కాకతీయుల నాటిది, మూడు గర్భగుళ్ల త్రికూటాలయం. 1986 వానాకాలంలో కప్పు కారుతుంటే మా బాపు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశాడు. తక్కువపడింది తానే వేసుకుని, కప్పంతా నాలుగంగుళాల మందాన సిమెంటు పోయించాడు. ఆయన పేరు చెక్కిన పాలరాతి పలకను మండపం గోడలో పెట్టారు. బడికి పోతూ రోజూ దాన్ని చదువుకునేవాణ్ని.

2021 జులైలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిందన్న వార్త వింటుంటే మా గుడి మనసులో మెదిలింది. దసరాకు ఊరెళ్లి చూస్తే కప్పు మళ్లీ కారుతోంది. స్తంభాల మీద ఉప్పు తెల్లగా పొంగి, చెక్కిన పూరేకులు పొడిపొడిగా రాలుతున్నాయి. పాత కట్టడాలను కాపాడే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లను తీసుకొచ్చాను. వాళ్ల ఆర్కిటెక్టు మా అమ్మాయి ఈడుది. కప్పెక్కి, తట్టి చూసి దిగింది.

"పగుళ్లలోంచి నీళ్లు దిగుతున్నాయి అంకుల్. పైన సిమెంటు ఉంది కాబట్టి తడి ఆరదు, రాళ్లలోకి ఇంకుతుంది. ముందు అది తీసేయాలి. ఎవరు పోయించారో గానీ..."

"మా నాన్న" అన్నాను. ఆ పిల్ల నాలుక కరుచుకుంది.

హనుమకొండలో ప్లాటు అమ్మిన డబ్బులోంచి ఇరవై లక్షలకు చెక్కు రాశాను. నగదైతే రెండు వేలు దాటాక 80జీ పన్ను మినహాయింపు రాదని వాళ్ల అకౌంటెంటు చెబుతుంటే, ఐదు, పది నోట్లను తువ్వాలలో మూటగట్టుకొచ్చిన బాపే కళ్లముందు కనిపించాడు. దాతల జాబితాలో అప్పటికి నాదే పెద్ద మొత్తమట. వాళ్లు శాలువా కప్పుతుంటే ఎటు చూడాలో తోచలేదు.

అనుమతులకే ఏడాది పట్టింది. మరలు పెడితే రాళ్లు అదురుతాయని, సిమెంటును ఉలి, సుత్తితోనే తీశారు. ఆ తర్వాత గానుగ సున్నం. సున్నం, ఇసుక కలిపి నూరి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోస్తుంటే గుడి చుట్టూ పులిసిన వాసన. ఆడవాళ్లు వరసగా కూర్చుని, పరిచిన సున్నాన్ని కొయ్య బద్దలతో రోజుల తరబడి దంచారు. ఆ దెబ్బల చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది.

ఒక పొద్దున మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు.

"మండపం గోడకున్న సిమెంటు గూడ తియ్యాలె సారూ. మీ బాపు పలక దాంట్లనే ఉన్నది."

"తియ్యి" అన్నాను.

పగలకుండా తీయడానికి అతనికి ఒక పూటంతా పట్టింది.

మరుసటి వానాకాలం మండపంలో కూర్చున్నాను. బయట జోరువాన. కప్పు కారలేదు. దాతల పేర్లతో గేటు దగ్గర బోర్డు పెడతామని సంస్థవాళ్లు అడిగితే వద్దన్నాను. బాపు పలక ఇప్పుడు మా వరండాలో గోడకు ఆనించి ఉంది. ముందువైపు తుడిచి పెట్టాను. వెనక అంటుకున్న సిమెంటును మాత్రం అట్లాగే ఉంచాను.