బండిలో సెట్టు, నెత్తిన ఏరియల్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వరసలు దాటి లోపలికి పోతే, సుత్తి మోత కాస్త తగ్గే సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద ‘ఆటో ఎలక్ట్రికల్స్’ అని తప్ప ఇంకేమీ ఉండదు. హారన్లు, సెల్ఫ్ మోటార్లు, లైట్ల వైరింగు... రోజూ నడిచే గిరాకీ ఇదే. అయితే వైర్‌లెస్ సెట్టు బండికి పద్ధతిగా బిగించాలంటే తెలిసినవాళ్లు ఈ షెడ్డుకే వస్తారు. నడిపే పెద్దాయన పోలీసు కమ్యూనికేషన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అందరికీ ఆయన మాస్టారే.

నేను వెళ్లింది మా మిత్రుడి బొలేరోలో. ఆయనకు అవనిగడ్డ దగ్గర ఎరువుల కొట్టు, జేబులో హామ్ రేడియో లైసెన్సు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను తుడిచిపెట్టింది కదా, ఆ గడ్డ మీద పెరిగిన మనిషి. తుపాను కబురు వినగానే టార్చిలైటు కంటే ముందు సెట్టు ఛార్జింగులో పెడతాడు. ఆయన దగ్గరున్నది చేతిలో పట్టుకునే అయిదు వాట్ల సెట్టు, 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేది. దాన్ని బండిలో ఒక ఎడాప్టరులో కూర్చోబెట్టాలని వచ్చాడు.

నాకో అనుమానం. ఎలాగూ బండికి బిగిస్తున్నప్పుడు, యాభై వాట్ల మొబైల్ సెట్టే కొనుక్కుంటే పోలేదా? అదే అడిగాను.

“బండి ఎందాకా పోద్దండీ?” అన్నారు మాస్టారు. “బుడమేరు పొంగినప్పుడు చూశాంగా. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగితే పడవే గతి. బండిలో బిగించిన సెట్టు బండిలోనే ఉండిపోయింది, పడవెక్కినోడి చేతిలో ఏముంది?”

2024 సెప్టెంబరు మొదటి రోజుల సంగతి అది. అయితే బండి సెట్టు బండిలోనే ఉండిపోవడం పాత పేచీయే. అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు 1928లో బండ్లలో రేడియోలు పెట్టారు గానీ అవి వినడానికే; ఎదురు మాట్లాడే ఏర్పాటు 1933లో న్యూజెర్సీలోని బెయాన్ పట్టణంలో వచ్చింది. అప్పట్నుంచీ ఇదే పేచీ. బండి దిగిన పోలీసు కంట్రోల్ రూముకు అందడు. చేతి సెట్లు వచ్చాక అది తీరింది గానీ ఇంకోటి మొదలైంది: అదే సెట్టు బండిలో కూర్చుని మాట్లాడితే అవతలివాళ్లకు సరిగ్గా వినపడదు. మోటరోలా కంపెనీ ‘కన్వర్టా-కామ్’ పేరుతో అమ్మిన పెట్టె ఈ రెండింటికీ మధ్యే మార్గం. చేతి సెట్టు అందులోకి జారిస్తే బండి సెట్టు అవుతుంది, లాగితే మళ్లీ చేతి సెట్టు.

మా మిత్రుడి ఎడాప్టరూ ఆ వంశంలోదే. సెట్టు పట్టేంత నల్లటి తొట్టి. అడుగున బ్యాటరీ ఛార్జింగుకి స్ప్రింగు కాంటాక్టులు, వెనక ఒక చిన్న పిన్ను. సెట్టు టక్కుమని కూర్చోగానే ఆ పిన్ను లోపలి స్విచ్చిని నొక్కుతుంది. దాంతో సెట్టు నెత్తినున్న పొట్టి రబ్బరు ఏరియల్ తెగిపోయి, బండి పైకప్పు మీది ఏరియల్ కలుస్తుంది. బయట స్పీకరు, మైకు కూడా దాని గుండానే పనిచేస్తాయి. పన్నెండు వోల్టుల్ని సెట్టు తట్టుకునే ఏడున్నరకు దగ్గరగా దించే సర్క్యూటు లోపలే ఉంది. “ఇది లేకుండా బ్యాటరీ వైరు నేరుగా సెట్టుకి తగిలిస్తే అంతే సంగతులు,” అని మాస్టారు కాలిపోయిన బోర్డొకటి డ్రాయరులోంచి తీసి చూపించారు. ఎవరిదో చెప్పలేదు.

మా మిత్రుడి ధ్యాసంతా తొట్టి డ్యాష్‌బోర్డు మీద ఎక్కడ అందంగా ఉంటుందా అని. మాస్టారికి ఆ గొడవే పట్టలేదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోటూ, మోకాలు తగిలే చోటూ వదిలేసి, గేరు రాడ్డుకు ముందు రెండు బోల్టులతో బిగించేశారు. ఆయన పొద్దంతా పెట్టింది పైకప్పు మీద.

ఇనప డబ్బాలో కూర్చుని రబ్బరు ఏరియల్‌తో మాట్లాడితే అయిదు వాట్లలో చాలా భాగం లోపలే కొట్టుకుంటుంది. ఏరియల్ బయటికి రావాలి, అదీ పైకప్పు నడిమధ్యకి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు. అందులో పావు వంతు కడ్డీ చాలు. మిగతా సగం పని పైకప్పు రేకు చేస్తుంది. అందుకే బంపరుకో వెనక తలుపుకో బిగిస్తే సిగ్నలు ఒక పక్కకే ఒరిగిపోతుందన్నారు.

అయస్కాంతం బేసు పెడదామన్నాడు మా మిత్రుడు. కొత్త బండికి చిల్లంటే ఎవరికైనా గుండె పీకుతుంది. “వైరు తలుపు సందులోంచి రావాలి. తలుపేసినప్పుడల్లా నలుగుద్ది. ఆ నలిగిన చోట మీ ఉప్పుగాలి చేరుద్ది. మీ ఇష్టం బాబూ.” అంతే, చిల్లికి ఒప్పుకున్నాడు. లోపల లైటు విప్పి, ఆ సందులోంచి కొలిచి, వృత్తాకారపు కటరుతో కోశారు. లోపలివైపు చిల్లి చుట్టూ పెయింటు గీకి, మెరిసే ఇనుము కనపడ్డాకే బేసు బిగించారు. ఆ లోహం లోహానికి ఆనకపోతే మిగతాదంతా దండగ. పైన రబ్బరు వాషరు, దాని కింద పలచగా సీలెంటు.

వైరు విషయంలో ఆయన పీనాసితనం చూడాలి. ఆర్‌జీ-58 కోయాక్సియల్ వైరు సరిగ్గా నాలుగు మీటర్లు కోశారు. ఈ ఫ్రీక్వెన్సీలో అంత పొడవుకే పవర్లో సుమారు ఆరో వంతు వేడిగా పోతుంది. మిగులు వైరు సీటు కింద చుట్టి పెట్టడం ఆయనకు గిట్టదు.

ఆ తర్వాత కడ్డీ. లెక్క ప్రకారం నలభై తొమ్మిది సెంటీమీటర్లు కావాలి, ఆయన యాభై ఒకటి ఉంచారు. ఏరియల్ నుంచి పవరు ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు మధ్యలో కలిపి మైకు నొక్కితే ముల్లు 1.8 దగ్గర ఆగింది. 144 దగ్గర తక్కువ చూపించి 146 దగ్గర పెరిగిందంటే కడ్డీ ఇంకా పొడుగున్నట్టు. కటరుతో మూడు మిల్లీమీటర్లు. మళ్లీ బండికి దూరం జరిగి చూడటం. ఇంకో మూడు. “రెండు దగ్గరుంటే తొమ్మిదో వంతు వెనక్కి తంతది. కోసింది అతకదు, అందుకే తొందర పడను,” అన్నారు. ముల్లు 1.2కి దిగాక కటరు పక్కన పెట్టేశారు.

కరెంటు వైర్లు రెండూ నేరుగా బ్యాటరీకే. ప్లస్సు మీద బ్యాటరీకి జానెడు దూరంలోనే అయిదు ఆంపియర్ల ఫ్యూజు, బానెట్ గోడ దాటే చోట రబ్బరు గ్రోమెట్. ఛార్జింగు మాత్రం తాళం తిప్పితేనే వచ్చేలా రిలే గుండా ఇచ్చారు, లేకపోతే నాలుగు రోజులు కదలని బండికి పొద్దున్నే సెల్ఫు పడదు. లోగడ ఇంకెవరో సిగరెట్ లైటరు సాకెట్ నుంచి లాగిన తీగ పీకి అవతల పారేశారు. ఆ కనెక్షనుతో ఎక్సలేటరు తొక్కినకొద్దీ స్పీకర్లో కూత పెరిగేదట. అది ఆల్టర్నేటరు కూత. డీజిల్ బండి గనక ప్లగ్గుల టకటక లేదు, అదొక్కటే అదృష్టం.

అన్నీ కలిపాక కూడా స్పీకర్లో ఒక బుస మిగిలింది. ఇంజను ఆపినా పోలేదు. మాస్టారు తల ఆడిస్తూ డ్యాష్‌బోర్డుకు గుచ్చి ఉన్న ఫోను ఛార్జరు లాగేశారు. బుస ఆగింది. మళ్లీ గుచ్చారు, వచ్చింది. రోడ్డు పక్క కొన్న చౌక ఛార్జరది. అయిదు వాట్ల కోసం ఇంత చాకిరీ చేసి, ఒక చౌక ఛార్జరుతో పక్కవాడి మాట వినపడకుండా చేసుకునేవాళ్లు ఎందరో.

పరీక్షకు గన్నవరంలోని ఒక హామ్‌ని 145.500 మీద పిలిచాడు మా మిత్రుడు. ముందు సెట్టు చేత్తో పట్టుకుని, తలుపులు వేసుకుని. అటు నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. తొట్టిలో పెట్టి మళ్లీ పిలిస్తే ఆయన ఇంట్లో కుక్క మొరగడం కూడా వినపడింది. అవే అయిదు వాట్లు.

మైకు నాకివ్వలేదు. లైసెన్సు లేనివాడు తనంతట తాను గాల్లోకి మాట్లాడకూడదు, చేతికి సెట్టు దొరికినా సరే. ఈ షెడ్డులోనూ ముందు లైసెన్సు కాపీ చూసే స్పానరు పట్టుకుంటారు.

డబ్బులు లెక్కపెట్టుకుంటూ మాస్టారు మా మిత్రుడికి చెప్పింది ఒకటే: అక్టోబరులో తుపాన్ల కాలం మొదలయ్యే లోపు బండి ఒకసారి తీసుకురమ్మని. ఉప్పుగాలికి పైన వాషరు కింద తుప్పు మొదలైతే మీటరు ముల్లే ముందు చెబుతుందట. విప్పి, తుడిచి, కొత్త వాషరు వెయ్యడానికి గంట పని.