కుట్టు వచ్చిన పిల్లకు మాట రాదేల?

మేమిద్దర మక్కచెల్లెండ్రము. తెనాలిలో మా యింటి వసారాలో నాలుగు మిషనులు వేసికొని ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుట ప్రారంభించి 11 ఏండ్లయినది. ఇన్నాళ్లును బాగుగనే నేర్పుచున్నామని నమ్మియుంటిమి.

పోయినయేడు మావద్ద నేర్చిన పిల్లయొకతె గుంటూరిలో నొక దుకాణమున పనికి కుదిరినది. చంకదగ్గర ముడుత పడకుండ రవిక కుట్టుటలో ఆమెను మించినవారు మావద్ద లేరు. 20 దినములు తిరుగకుండ ఇంటికి వచ్చి కూర్చున్నది. పని రాదనిరా యనిన, కాదట. ఒకామె 80 సెంటీమీటర్ల గుడ్డ తెచ్చి మోచేతులు దాటు చేతులు కావలెననినది. టేపు పెట్టగనే చాలదని పిల్లకు తెలిసినది, మీటరు కావలెను. అయినను చెప్పక కత్తిరించినది. చేతులు పొట్టివైనవి. గుడ్డ వెల జీతములో కోసిరి.

"తెలిసి కూడ చెప్పలేదేమే?" అని యడిగితిమి.

"మాటలు కట్టిపెట్టి కుట్టమని మీరే గదా అక్కయ్యగారూ అనేవారు!"

మేము మారు పలుకలేదు. ఆ మాట దినమునకు పదిసారు లనుచుంటిమి. వసారా నిశ్శబ్దముగా నుండుటయే శ్రద్ధయని మా యభిప్రాయము. పొరుగువారు మెచ్చుకొనుచుండిరి కూడ.

కేంద్రప్రభుత్వము 1950లో ప్రారంభించిన శిక్షణ పథకము క్రింద ఐ.టి.ఐ.లలో కుట్టుపని యేడాది చదువు. అందు మిషను పనితోబాటు, ఉద్యోగమునకు వలయు మాట, వ్రాత మున్నగువాని పాఠముగూడ తప్పనిసరి. మా పినతండ్రి కూతురు ఆ పుస్తకము చూపినపుడు, సూది పట్టుటకు ఉపన్యాసము లెందుకే యని నవ్వితిమి. 1937లో వార్ధా సమావేశమున గాంధీగారు చేతిపనినే చదువునకు కేంద్రము చేయవలెననిరి. నూలు వడకుచు లెక్కలు నేర్వవచ్చుననినపుడు, రవిక కత్తిరించుచు నోరు విప్పుట నేర్వరాదా?

ఇప్పుడు శుక్రవారమునాడు మిషనులు మూసివేయుదుము. ఒకతె గిరాకీ, ఒకతె దర్జీ. చాలని గుడ్డ తెచ్చినవారికి, రేపే కావలెనని పట్టుబట్టువారికి మర్యాద చెడకుండ బదులు చెప్పవలెను. ప్రతి పనికి చీటి వ్రాయవలెను: కొలతలు, లైనింగు, దారము, హుక్కుల వెల, పట్టిన గంటలు, ఇచ్చు తేది. మొదటివారము ఒక పిల్ల అన్నియు వ్రాసి తన కుట్టుకూలి వేసికొనుటయే మరచినది! మాలో చిన్నది గిరాకీవేషమున దబాయించిన దబాయింపునకు మరియొకతె యేడ్చినంత పని చేసినది. అది కొంచెము అతియే.

గుంటూరినుండి వచ్చిన పిల్లయు ఇప్పుడు శుక్రవారములు వచ్చుచున్నది. తిరిగి పనికింకను పోలేదు. మొన్న మేము గిరాకీలమై గుడ్డ ముందు పెట్టితిమి. టేపు పట్టి చూచి, "ఈ గుడ్డకు పొడుగు చేతులు రావండీ. పొట్టిచేతులు కుట్టమంటారా, ఇంకొక ముక్క తెస్తారా?" అనినది. కూలి తగ్గింపుమంటిమి. తగ్గింపలేదు.